నాలుగు వందల పన్నెండు మీటర్లు

డ్రిల్లు మాస్టారు ముప్పై మూడేళ్లు పిల్లల్ని ఎండలో పరిగెత్తించి, తాను నీడలో నిలబడి ఈల ఊదాడు. ఓడిపోయి ఏడ్చినవాణ్ణి ఇంకో రౌండు తిప్పడమే ఆయన ఓదార్పు. రిటైరయ్యాక ఈల మెడలోనే ఉండిపోయింది. దాని వెనకాల గుండె వాల్వు లీకవసాగింది. నాలుగు మెట్లెక్కితే చాలు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఆగేవాడు. రెండేళ్లలో మూడు జతల చెప్పులు మార్చి, మూడింటినీ తిట్టాడు.

ఈ వయసులో ఛాతీ కోయలేమన్నారు డాక్టర్లు. సరిగా మూసుకోని వాల్వు రెక్కల్ని కలిపి పట్టుకునే క్లిప్పు ఒకటి కొత్తగా వచ్చింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెదాకా పంపుతారు. ఇంకా ప్రయోగ పరీక్షల్లోనే ఉంది; ఆయనకి మిగిలిన దారి అదొక్కటే. ఎంపికకి ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడవాలి. ఎంత నడిస్తే ఏమవుతుందో ముందుగా చెప్పరు.

“వీలైనంత దూరం నడవండి మాస్టారూ. ఆయాసమొస్తే కుర్చీ ఉంది,” అంది నర్సు.

“కుర్చీలో నువ్వు కూర్చో అమ్మాయ్. ఇప్పటిదాకా ఫస్టెవరు?”

“ఇది పందెం కాదండీ.”

ఆ మాట ఓడిపోయేవాళ్లే అంటారని ఆయన నమ్మకం. చేతులూపుతూ బయల్దేరాడు. ఆఖరి రౌండుకి పెదవులు నీలం తిరిగాయి. గోడకి చేరగిలబడి, ఎంతని వేళ్లతోనే అడిగాడు.

“నాలుగు వందల పన్నెండు మీటర్లు.”

కప్పు అందుకున్నవాడిలా భార్య వైపు చూశాడు. నాలుగు వందలు దాటితే గుండె బాగానే ఉన్నట్టు లెక్కనీ, అలాంటివాళ్లకి క్లిప్పు ఇవ్వరనీ అప్పుడు చెప్పాడు డాక్టరు.

“ఇవ్వరా?” భార్య లేచింది. “మంచం మీంచి బాత్రూముకి వెళ్లడానికి మధ్యలో మజిలీ చేస్తారండీ ఈయన! ఆ ఈల పీకేసి నడిపించి చూడండి.”

“నోరు... మూస్తావా?”

ఊపిరి చాలక ఆ మాట రెండు ముక్కలుగా వచ్చింది. డాక్టరు విన్నాడు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

ఆ రోజు ఈలా, చెప్పులూ రెండూ ఆవిడ సంచిలోనే ఉన్నాయి. నాలుగో రౌండులో ఆయన ఆగాడు. అలవాటుగా వంగాడు. సరిచేసుకోవడానికి కాలివేళ్లు తప్ప ఏమీ కనబడలేదు. కుర్చీకేసి కాసేపు చూసి, వెళ్లి కూర్చున్నాడు. నూట ఎనభై ఆరు మీటర్లు.

క్లిప్పు పెట్టారు. ఆరు నెలలకి అదే వరండాలో, ఎక్కడా ఆగకుండా మూడు వందల నలభై నడిచాడు. నర్సు చప్పట్లు కొట్టింది.

“దీనికా చప్పట్లు? మీ క్లిప్పు లేనప్పుడు నాలుగు వందల పన్నెండు నడిచినవాణ్ణి, అనవసరంగా చెడగొట్టారు,” అన్నాడు మాస్టారు, ఒక్క ఊపిరిలో.