కరివేపాకుకు రేటు కట్టిన మూడు రోజులు

ఈ సంగతి రాసి పెట్టక తప్పదు. మా గల్లీలో దీన్ని ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. మొదటి కథలో నేను కూరగాయల లచ్చవ్వ మీద ఏదో ఆఫీసులో ఫిర్యాదు చేశాను. రెండో కథలో కరివేపాకు మీద కొత్తగా పన్ను పడింది, దాన్ని అందరికంటే ముందు కట్టిన బుద్ధిమంతుణ్ణి నేను. మూడో కథ నిజానికి కొంచెం దగ్గరగా ఉంటుంది. అందుకే నా పరువుకు అదే ఎక్కువ చేటు చేస్తోంది. కనుక ఒక్క గుప్పెడు కరివేపాకుతో మూడు రోజుల్లో గల్లీ మొత్తం పోపులను నేనెలా పాడు చేశానో నేనే చెబుతాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆగింది బడిలోనే. సిద్దిపేటలో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం నాది. బోరు మోటారు కాలినప్పుడు తప్ప రైతులకు నేను గుర్తుకు రాను కాబట్టి, మధ్యాహ్నం షట్టరు సగం దించి గ్రంథాలయానికి పోతాను. అక్కడ నేను చదవని అల్మారా లేదు. పక్షులు గూడు అల్లే పద్ధతులు, పాతకాలపు రాజుల శవాలకు పూసే లేపనాలు, పళ్ళు పీకే విధానం, అన్నీ తెలుసు. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం అప్పటికి తెలియదు.

ఆ మధ్య గ్రంథాలయంలో నాకొక పుస్తకం దొరికింది. ఇంటి ఖర్చుల గురించి. మొదటి పదహారు పేజీలు లేవు, అట్ట కూడా లేదు. అందులో ఒక మాట నన్ను పట్టుకుని ఊపేసింది. లోకంలో ఊరికే వచ్చే వస్తువంటూ లేదట. ఊరికే వచ్చినట్టు కనిపించేదాని ధర మరో దాంట్లో దాక్కుని ఉంటుందట. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే యాదగిరికి ఈ మాట వినిపిస్తే, "గట్లనా అన్నా" అని టీ తాగడానికి పోయాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి కనిపించిన ప్రతిదానిలోనూ దాగిన ధర కోసం వెతుకులాటే. మంగలి దుకాణంలో చల్లే నీళ్ళ ధర ఎక్కడుంది? హోటల్లో వేసే రెండోసారి చట్నీ ధర ఎక్కడుంది?

సరిగ్గా అప్పుడే నా భార్య సుజాత మూడు రోజుల శిక్షణకు హైదరాబాదు పోవలసి వచ్చింది. ఆమె అంగన్‌వాడీ టీచరు.

మా ఇంట్లో కూరగాయల కొనుగోలు ఇలా జరుగుతుంది. తెల్లవారి మొదటి ఆటోలో నారాయణరావుపేట నుంచి లచ్చవ్వ రెండు గంపలతో దిగుతుంది. మా గేటు ముందున్న కరెంటు స్తంభం దగ్గర కూర్చుంటుంది. గల్లీ ఆడవాళ్ళంతా సంచులతో అక్కడికే వస్తారు. సుజాత పుట్టిల్లు ధూళిమిట్ట, లచ్చవ్వ తల్లిగారిల్లు కూడా ధూళిమిట్టే. ఆ లెక్కన సుజాత ఆమెకు బిడ్డ, నేను అల్లుణ్ణి. ఈ ఊళ్ళో కిరాయి ఇంట్లో దిగిన మొదటి రోజు ఒక్క మనిషి కూడా తెలియని సుజాతను "ఎవల బిడ్డవే" అని అడిగింది లచ్చవ్వే. నా భార్యకు సిద్దిపేటలో ఉన్న తల్లిగారిల్లంతా ఆ రెండు గంపలే.

అందుకే బస్సెక్కే ముందు సుజాత గట్టిగా చెప్పింది. "లచ్చవ్వ ఏమేస్తే గదే తీసుకోండ్రి. సంచి తెరువుండ్రి, నోరు మూసుకోండ్రి. గీ రెండే పనులు."

రెండే పనులు. అందులో ఒకటి నేను చక్కగా చేశాను.

మొదటి రోజు ఉదయం లచ్చవ్వ తన పాత తరాజుతో టమాటలు, బీరకాయలు తూచి నా సంచిలో వేసింది. ఫోనుతో డబ్బులు పంపాను. ఆమె గంప పక్కనే ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఎంత ముట్టిందో గల్లీ చివరిదాకా వినిపించేలా అదే చెబుతుంది. లెక్క తీరింది. అప్పుడు ఆమె ఒక గుప్పెడు కరివేపాకు తెంపి పైన పడేసింది.

సంచిలోకి తొంగిచూశాను. ఊరికే వచ్చిన వస్తువు నా సంచిలోనే ఉంది.

"ఇదెంత లచ్చవ్వా?"

"ఏది?"

"కరివేపాకు."

ఆమె నా మొహం చూసింది. తర్వాత నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూసింది. "ఎంతేంది అల్లుడా. గది ఇచ్చిన, అమ్మలే."

"ఇచ్చినా దానికొక రేటుంటది గద."

"మా పెరట్ల చెట్టున్నది. చెట్టు నన్నేమన్న అడిగిందా?"

నా పుస్తకంలో చెట్టు తరపు వాదన లేదు. బహుశా ఆ పదహారు పేజీల్లో ఉందేమో. ఆగిపోతే బాగుండేది. పాఠకులారా, నేను ఆగలేదు.

"గట్ల కాదు. దీని పైసలు టమాటల్ల కలిపినవా, బీరకాయల్ల కలిపినవా? తప్పని అంటలేను. అందరు కలుపుతరు. దేంట్ల కలిపినవో తెలుసుకుందామని."

లచ్చవ్వ చెయ్యి తరాజు మీద ఆగింది. కాలిన మోటారు వాసన ఫర్లాంగు దూరం నుంచే పసిగట్టే నాకు, ఆ నిమిషంలో కాలుతున్నదేమిటో తెలియలేదు. "నీకంత అనుమానముంటే ఒక పది రూపాయలియ్యి, పో," అంది, నన్ను వదిలించుకోవడానికి.

నేను సంబరంగా పంపాను. "పది రూపాయలు అందాయి" అని డబ్బా గొంతెత్తి చాటింది.

ఎదురింటి పద్మ గేటు మీద చేతులు వేసుకుని అడిగింది. "అన్నా, పది రూపాయలకు ఏమొచ్చింది?"

"కరివేపాకు," అన్నాను. కొత్త గ్రహాన్ని కనిపెట్టినవాడు కూడా దాని పేరు అంత గర్వంగా చెప్పి ఉండడు.

రెండో రోజు పద్మ రోజూలాగే కూరగాయలు తీసుకుని, రోజూలాగే కరివేపాకు కోసం చెయ్యి చాపింది.

"పది," అంది లచ్చవ్వ.

"నాకా?"

"నీకు గాదు, ఆకుకు. సుజాత పెనిమిటి కట్టిన రేటు."

పద్మ నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను. ఈ పత్రికను పిల్లలు కూడా చదువుతారు. ఆమె నన్ను వదిలి లచ్చవ్వ మీదికి తిరిగింది. ఆకుకు రేటైతే టమాటలు కూడా సరిగ్గానే తూచాలంది. ఆ పాత తరాజు ఎటు మొగ్గుతుందో ఎవరికి తెలుసంది. మిగతా ఆడవాళ్ళు అవునవునన్నారు.

బుర్ర ఉన్నవాడైతే అప్పుడే ఇంట్లోకి పోయి తలుపు గడియ పెట్టుకునేవాడు. నేను దుకాణానికి పరుగెత్తాను. రాగి తీగ తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి ఉంది నా దగ్గర. వెంట్రుక పెట్టినా బరువు చెబుతుంది. దాన్ని పెళ్ళి పల్లకీలా రెండు చేతులతో మోసుకొచ్చి స్తంభం దగ్గర పెట్టి, పద్మ కిలో టమాటలు దాని మీద పోశాను.

కిలో కంటే ఎక్కువ చూపించింది. రెండు టమాటలంత ఎక్కువ.

ఇంకొకరి వంకాయలు పెట్టాను, ఎక్కువే. బెండకాయలు, ఎక్కువే. లచ్చవ్వ తరాజు ప్రతి ఒక్కరి సంచి వైపే మొగ్గుతోందని సందేహం లేకుండా రుజువైంది. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. ఇంత గొప్ప ఫలితం వచ్చాక శాస్త్రం ప్రకారం చేయవలసింది ఒక్కటే. పద్మ సంచిలోంచి రెండు టమాటలు తీసి లచ్చవ్వ గంపలో వేశాను. "ఇప్పుడు సరిపోయింది," అన్నాను. చప్పట్లు కొడతారేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా.

"అన్నా, నువ్వు ఎవలి దిక్కు?" అంది పద్మ.

"నిజం దిక్కు."

ఆ తర్వాత ఒక్కో సంచిలోంచి వంకాయ, నాలుగు బెండకాయలు, గుప్పెడు గోరుచిక్కుడు, అన్నీ నా చేతుల మీదుగా గంపలోకి వాపసు వెళ్ళాయి. ఆడవాళ్ళకు నా మీద కోపం. గంప నిండుతున్న లచ్చవ్వ మొహంలోనైనా సంతోషం ఉందా అంటే, లేదు. ఆమె గోనెపట్టా మడతపెట్టింది.

"ఇన్నేండ్లు మీ సంచుల్ల నా చెయ్యి పడ్డది. ఇగ మిషినుతోనే కొనుక్కోండ్రి," అని గంపలెత్తుకుని ఆటో ఎక్కింది.

మూడో రోజు లచ్చవ్వ రాలేదు. స్తంభం ఒక్కటే నిలబడి ఉంది. సంచులతో వచ్చినవాళ్ళు దాన్ని చూసి, నా గేటును చూసి, మార్కెట్టుకు ఆటో మాట్లాడుకున్నారు. కరివేపాకును పైసలిచ్చి కొనడం ఎవరికీ అలవాటు లేక, ఆ పూట ఏ వంటింట్లోంచీ దాని పోపు వాసన రాలేదు. "అన్నా, మీ కాంటా కొంచెం ఇస్తవా, పప్పుల వేసుకుంటం," అని పద్మ గోడ మీదుగా అడిగింది.

సాయంత్రం సుజాత దిగింది. ఆమె కంటే ముందే కబురు ఆటో స్టాండుకు పోయి ఆమెను కలుసుకుంది. ఇంట్లోకి వచ్చి చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు సుజాత.

"రెండే పనులు గద చెప్పిన."

"సంచి మంచిగనే తెరిచిన," అన్నాను. "కాకపోతే ఒక అనుమానమొచ్చింది. కరివేపాకు పైసలు దేంట్ల కలుస్తున్నయో తెల్వక."

ఆమె వంటింట్లోకి పోయి, ఒక స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"గిండ్ల. రోజు పొద్దుగాల లచ్చవ్వ చాయ తాగేది గీ గ్లాసుల. ఆమె ఫోను, ఆ ఒర్రే డబ్బ, పద్మక్క ఇంట్ల చార్జింగు వెడ్తది. మూల మీది ఇంట్ల మందుచీటి చదివిచ్చుకుంటది. మీరు లేచేది ఎనిమిదింటికి. మీకెట్ల కనవడ్తది?"

ఉన్నది ఉన్నట్టు రాయడానికే కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. ఆ క్షణంలో నాకు సిగ్గు కంటే ముందు ఆనందం కలిగింది. ధర నిజంగానే దాక్కుని ఉంది! మూడు రోజులు టమాటల్లో వెతికాను, అది మా వంటింట్లో బోర్లించి ఉంది. "అయితే పుస్తకంల ఉన్నది నిజమే," అని పైకే అనేశాను.

"పుస్తకం నిజమే," అంది సుజాత. ఆమె గొంతు పెరగలేదు, అదే నన్ను భయపెట్టింది. "రేపు పొద్దుగాల లచ్చవ్వ గా స్తంభం కాడ లేకపోతే, నేను ధూళిమిట్టకు ఏ మొహం వెట్టుకొని పోవాలె? మా ఊరి ఆడిబిడ్డను మా ఇంటి ముందల్నే దొంగను చేసిన్రు."

మర్నాడు మొదటి ఆటో కంటే ముందే బైకు మీద నారాయణరావుపేట చేరాను. దారంతా క్షమాపణ తయారుచేసుకున్నాను. అందులో 'పశ్చాత్తాపం' రెండుసార్లు, 'అజ్ఞానం' మూడుసార్లు వచ్చాయి. లచ్చవ్వ పెరట్లో కొత్తిమీర కట్టలు కడుతోంది. వెనక కరివేపాకు చెట్టు ఇంటి కప్పు దాటి ఉంది.

"కాంటా తెచ్చినవా?" అంది, తలెత్తకుండానే.

"లేదు."

"సంచి?"

"తెచ్చిన."

"కూసో."

కూర్చున్నాను. తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "తప్పయింది లచ్చవ్వా," అన్నాను. ఇంత చదువుకూ మిగిలింది రెండు మాటలు.

"రెండు టమాటలు ఎక్కువ వోతున్నయని నాకు తెల్వదనుకున్నవా? నా చేతికి తెలుసు. నీ మిషినుకే కొత్త."

"మరి కోపమెందుకొచ్చింది?" అడగకూడదు. కానీ తెలుసుకోవాలని ఉంది, ఏం చేయను?

"నలుగుర్ల చెప్తివి. రేపు పద్మకు రెండు ఎక్కువేస్తే, వేసినట్టు ఆమెకు తెలుస్తది, తెలిసినట్టు నాకు తెలుస్తది. ఇద్దరికి సిగ్గయితది." దారం కొసను పళ్ళతో తెంపింది. "నా బిడ్డ వచ్చిందా?"

"వచ్చింది. చాయ పెడ్తనన్నది."

లచ్చవ్వ లేచి కొంగు దులుపుకుంది.

వెనక ఆమె, ఆమె ఒళ్ళో ఒక గంప, నా ముందు ట్యాంకు మీద ఇంకో గంప, జేబులో ఆ డబ్బా. బీరకాయల సందుల్లోంచి రోడ్డు చూసుకుంటూ సిద్దిపేట చేరేసరికి గల్లీ మొత్తం సంచులతో నిలబడి ఉంది. పద్మ చార్జరు పట్టుకునే వచ్చింది. సుజాత గ్లాసుతో వచ్చింది. తరాజు లేచింది. పద్మ సంచి వైపు ఎప్పటిలాగే మొగ్గింది, ఇద్దరూ చెరో వైపు చూశారు. అందరికీ గుప్పెడేసి ఆకు పడింది.

సుజాత వంతు వచ్చింది. ఆ సంచి పట్టుకుని తెరిచింది నేనే. నోరు ఎంత గట్టిగా మూశానంటే చెవులు నొప్పి పుట్టాయి. లచ్చవ్వ ఆకును సంచి దాకా తెచ్చి, నన్నొకసారి చూసి, చెయ్యి వెనక్కి తీసి సుజాత కొంగులో పెట్టింది.

"దాసుకో బిడ్డా. మల్ల తూస్తడు."

కనుక, రాగి తీగ తూచే ఆ కాంటా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట కూరగాయల గంప ముందు నాకు తెరవడానికి సంచి మాత్రమే ఉంటుంది. ప్రశ్నలేమైనా వస్తే గ్రంథాలయంలో యాదగిరిని అడుగుతాను, అతనెలాగూ టీ తాగడానికి పోతాడు.

ఈ వృత్తాంతం ఇంత దూరం రావడానికి సాయపడిన లచ్చవ్వకు, ఇంట్లోకి మళ్ళీ రానిచ్చిన సుజాతకు, ఇప్పటికీ నన్ను చూడగానే టమాటలు దాచుకునే పద్మకు, పుస్తకం గడువు దాటినా అడగని యాదగిరికి నా కృతజ్ఞతలు. ఆ పుస్తకం రాసినవారికి కూడా పేరుతో సహా చెప్పాలని ఉంది కానీ, ఆ పేరు పోయిన పదహారు పేజీల్లో ఉంది. అవి ఎవరికైనా దొరికితే దయచేసి నాకివ్వండి. ఎంత అని మాత్రం అడగను.