సీరం మీద తేలిన మీగడ

ఈ ఉదయం ఫ్రిజ్ తెరిచి రాత్రి మిగిలిన మటన్ కూర మూత తీశాను. పులుసు మీద కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. ఇంకెవరైనా అయితే చెంచాతో తీసి పారేస్తారు. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, తొంభైల్లో దోహాలో నాకు పని నేర్పిన విమలగారిని తలుచుకున్నాను. అక్కడ ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక చిన్న క్లినిక్ ల్యాబుకు ఆవిడ పెద్ద. కాకినాడ మనిషి. చీవాట్లు పెడుతూనే నవ్వించేవారు.

ఒక రోజు ఓబులేసు అనే ఇంటి డ్రైవరు వచ్చాడు. కడప దగ్గర పల్లెవాడు. వీసా పొడిగించే ముందు కఫీల్, అంటే యజమాని, అతన్ని పరగడుపున రక్తపరీక్షకు పంపాడు. కొవ్వు ఎక్కువుంటే ఊరికి పంపేస్తానని, గుండెజబ్బు మనిషి చేతికి పిల్లలెక్కే బండి ఇవ్వనని చెప్పాడట. రక్తం తీసి మిషన్లో తిప్పితే పైకి తేలిన సీరం, తేటగా ఉండాల్సింది, అచ్చం పాలలా ఉంది. ఇతని పని అయిపోయిందనుకున్నాను. విమలగారు ట్యూబును వెలుగులో పట్టి చూసి అతన్ని లోపలికి పిలిచారు.

"పొద్దున్నే ఏం తిన్నావయ్యా?"

"ఏం తినలేదు మేడమ్. అన్నం ముట్టనే లేదు."

"అన్నం సంగతి కాదు. నోట్లో ఏం పడిందో చెప్పు."

"రాత్రి కఫీల్ ఇంట్లో దావత్ మేడమ్. హరీస్ మిగిలింటే పొద్దున ఇంత నెయ్యేసుకుని తింటి. రగతం తీస్తారు గదా, కండ్లు తిరుగుతాయని."

హరీస్ అంటే గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన ముద్ద. మనవాళ్లకు అన్నం తినకపోతే తిననట్టే లెక్క! విమలగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "రేపు మళ్లీ రా. నీళ్లు తప్ప ఏదీ నోట్లో పడకూడదు, అన్నీ మాఫీ," అని పంపేసి, ఆ ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టమన్నారు.

"తిన్న కొవ్వుని పేగులు పెద్ద పెద్ద మూటలు కట్టి రక్తంలోకి వదులుతాయే అమ్మాయ్. కండలు అందులోని సరుకు లాక్కుంటుంటే మూట చిక్కిపోతుంది. దాని పై పొర ముక్కలు కొన్ని మంచి కొలెస్ట్రాల్ కణాలకు అంటుకుంటాయి. భోజనం చేసిన ప్రతిసారీ ఈ కణాల రూపాలన్నీ మారుతూనే ఉంటాయి. రేపటికి మీగడ పైకి తేలి కింద తేటగా ఉంటే అది తిండి కొవ్వు. కింద కూడా పాలలా ఉంటే ఒంట్లో తయారైనది. అప్పుడు భయపడదాం."

మర్నాడు ట్యూబులో పైన తెల్లటి మీగడ, కింద తేటైన పసుపు. పరగడుపున తీసిన కొత్త రక్తం సీరంలో మబ్బు చాయ కూడా లేదు. అంకెలన్నీ బాగున్నాయి. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

"అయితే నేను ఊరికి పోబన్లేదా మేడమ్?" అన్నాడు ఓబులేసు.

"ఎందుకు పోవడం? యల్లా, పద, ముందు పోయి కడుపునిండా అన్నం తిను."

అతను వెళ్లాక ఆవిడ నా వైపు తిరిగి, "ఒక్క పూట తిండి చూసి మనిషి బతుకు రాసేయకూడదే," అన్నారు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మిషన్లు ఎన్నో మారాయి. అంకె భయపెట్టిన ప్రతిసారీ నేను రిపోర్టు మీద సంతకం ఆపి, బయటికి వెళ్లి, ఆ మనిషి పక్కన కూర్చుని మాట్లాడతాను.