క్షమించడానికి వెళ్ళిన ఆదివారం

మనసులో ఎవరి మీదనైనా కోపం పెట్టుకుని ప్రభువు బల్లలో రొట్టె తీసుకోకూడదని మా మాచర్ల పాస్టర్‌గారు గట్టిగా చెబుతారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కనుక నేను క్షమించాల్సిన వాళ్ళ జాబితా ఫోన్‌లో తయారుచేశాను: పేరు, తప్పు, పదికి ఎంత తీవ్రత. మొదటి పేరు ఎదురింటి అత్తది. పోయిన వేసవిలో నన్ను నడివీధిలో తిట్టింది. తీవ్రత తొమ్మిది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి, "అత్తా, నిన్ను క్షమించేశాను" అన్నాను.

ఊడుస్తున్న ఆమె ఆగింది. "దేనికిరా?"

ఫోన్‌లో చూసి చదివాను.

"ఒరేయ్, ఆరబోసిన నా మిరపకాయల మీంచి బండి తోలిందెవరు? అది రాసుకోలేదేంది?"

ఆ వివరానికి నా పట్టికలో గడే లేదు.

"మరి అప్పట్నుంచి ప్రతిసారీ రొట్టె తీసుకుంటూనే ఉన్నావుగా?" అన్నాను, ఆమెనూ పట్టుకుందామని.

"తీసుకోకేం? ఆరోజే ఒదిలేశా. ఇంటికొచ్చి నీకు చెప్పాలని మాత్రం తోచలా."

క్షమించానని చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. క్షమించమని అడగడానికి మూడుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది.

"సర్లే, పో. స్నానం చేసిరా, చర్చికి ఆలస్యమైద్ది" అంది.

ఆ ఉదయం ఫోన్ జేబులోంచి తీయకుండానే రొట్టె అందుకున్నాను. పక్క వరసలో ఆమె ఎప్పటిలాగే తీసుకుని తల వంచుకుంది.