రెండో ఫోటో

ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టూడియో పెట్టుకున్న ఫోటోగ్రాఫరు ఎవరి పెళ్ళిలోనైనా ఒక ఫోటో తీసి, కెమెరా దించకుండానే “ఇంకొక్కటి” అనేవాడు. అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి కదా, అది గిరాకీ పెంచుకునే ఎత్తు అనుకునేవాణ్ణి.

మా అక్క పెళ్ళిలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒకటి తీశాడు. “అవ్వ రెప్ప వేసింది తమ్ముడూ, ఇంకొక్కటి,” అన్నాడు.

“గ్రూపుకి ఒకటే అని మాట్లాడుకున్నాం గదన్నా. నా దగ్గరనా నీ యాపారం?” అన్నాను. అందరూ నవ్వారు. బేరం గెలిచానని నేను ఇంకా ఎక్కువ నవ్వాను.

ఏడాది తిరక్కుండానే మా అవ్వ, నాయన తల్లి, చనిపోయింది. ఆమెకున్నది ఆ ఒక్క ఫోటోనే. కర్మ రోజుకు పటం కావాలి, కళ్ళు గీసి పెద్దది చేసిమ్మని ఆ ఫోటోగ్రాఫరునే బతిమాలాను. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. కానీ ఉదయగిరిలో మా ఇంటికి వచ్చి, నాయన ఎదురుగా కూర్చుని, ఆయన ముఖం చాలాసేపు చూసి పోయాడు.

కర్మ రోజు పొద్దున పటం తెచ్చాడు. నాయన చూసి, “ఇయ్యి మాయమ్మ కళ్ళు కావబ్బా,” అన్నాడు.

“ఆమె కళ్ళు నాకు గుర్తు లేవన్నా. బిడ్డవి గదా, పోలుతాయని నీ కళ్ళే గీసినాను,” అని ఫోటోగ్రాఫరు తల వంచుకున్నాడు.

దండ పట్టుకుని నాయన పటం ముందు అట్లాగే నిలబడిపోయాడు. “నా కళ్ళకు నేనే దండ వేసుకునేది ఎట్లరా?” అన్నాడు నాతో.

ఆ దండ నేను వేశాను.