సీటుకు ఆమెన్

ఆ రోజుల్లో ప్రార్థన ఎంత పొడుగుంటే విశ్వాసం అంత లోతని నా నమ్మకం. (మా తుని సంఘంలో నేను మొదలుపెడితే చంటిపిల్లలు నిద్రపోయి లేచేవారు.) ఎంబీబీఎస్ పూర్తిచేసి డెల్టాలో ఒక మిషను ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. సర్జరీలో పీజీకి ఆ ఏడు ఆసుపత్రి ఒక్కరినే సిఫారసు చేయగలదు. నిలబడ్డది ఇద్దరం: నేను, నాతోపాటే డ్యూటీలు చేసే ఆచంట అమ్మాయి. ఎంట్రన్సులో ఇద్దరివీ దగ్గర దగ్గర ర్యాంకులే. ఎంచవలసింది కమిటీ, దానికి పెద్ద మా సర్జను డాక్టరమ్మగారు. ఆవిడ ఆపరేషను చేస్తుంటే చూడడానికి మేము భోజనాలు మానుకునేవాళ్ళం.

మా దగ్గర ఏ కమిటీ అయినా ప్రార్థనతోనే మొదలు. డాక్టరమ్మగారు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, "బాబూ, మీరు ప్రార్థన చేయండి" అన్నారు. సృష్టి దగ్గర మొదలుపెట్టాను. కమిటీ పెద్దలను, వారి కుటుంబాలను, వారి మోకాళ్ళ నొప్పులను తలచుకున్నాను. ఆ ఊపులో, "ప్రభువా, ఈ సర్జరీ సీటును నీ దాసుడనైన నాకే దయచేయుము" అని ముగించాను. ప్రార్థన అయ్యాక బదులు పలకకుండా ఉండడం మావాళ్ళకు చేతకాదు. కమిటీ మొత్తం "ఆమెన్" అంది. అందరికన్నా గట్టిగా ఆచంట అమ్మాయి.

"ఆమెన్ అనేశాం కదండీ. ఇంక ఇంటర్వ్యూ ఉందా, ఇళ్ళకెళ్ళిపోదామా?" అన్నారు ట్రెజరరుగారు.

"ఉందండి" అని డాక్టరమ్మగారు నావైపు తిరిగారు. "మీ ప్రార్థనలోకి అందరూ వచ్చారు బాబూ, మా మోకాళ్ళతో సహా. పేషెంట్లే రాలేదేంటి?"

ఆవిడే నా పక్కనున్న అమ్మాయి వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా" అన్నారు. ఆచంట అమ్మాయి తల వంచి, వార్డులో ఉన్న రొయ్యల చెరువు కాపలాదారుడి కాలు దక్కాలనీ, తీసేయవలసివస్తే ఆ మాట ఆయన భార్యకు చెప్పే ధైర్యం తనకు ఇవ్వమనీ అడిగి ఊరుకుంది. సీటు ఊసే లేదు. (ఆ కాలికి ఆ పొద్దున కట్టు కట్టింది నేనే.)

సీటు ఆమెకే ఇచ్చారు. బయటికొచ్చాక ఉండబట్టలేక, "నా ప్రార్థనకి అంత గట్టిగా ఆమెన్ అన్నారేంటండి?" అని అడిగాను.

"మీకైనా నాకైనా, మన ఆసుపత్రికి ఇంకో సర్జను రావాలి కదండీ" అంది, అదేమంత విషయం కాదన్నట్టు.

మరుసటి ఏడు నాకు మత్తు వైద్యంలో సీటు వచ్చింది. ఇప్పుడు అదే ఆసుపత్రిలో ఆ ఆచంట ఆవిడ కోస్తారు, నేను మత్తిస్తాను. ఆ చేతుల పనితనం చూస్తున్నప్పుడల్లా, దేవుడు ఆనాడు నా మాట విననందుకు లోపల్లోపల స్తోత్రం చెప్పుకుంటాను. అంతసేపు ఆయన్ని బతిమాలుకున్న ఆ తుని కుర్రాడి మీద మాత్రం, పాపం, కాస్త జాలేస్తుంది.