గొట్టానికి తగిన మందు

గత మంగళవారం మధ్యాహ్నం తంజోంగ్ పగార్‌లో మీటింగ్ ముగించుకుని స్టేషన్ వైపు నడుస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ పోయినారమ్మా. పొద్దున కోపి తాగినారు, పేపరు ఇమ్మన్నారు. నేను తెచ్చేసరికి..." అని ఆగిపోయారు. నేను రైలెక్కలేకపోయాను. స్టేషన్ బయట బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆయన నాకు చుట్టం కారు. ఒకప్పుడు బిషాన్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమాని. ఒక షూటింగ్ క్లబ్బులో తుపాకిమందు గదికి స్టోర్‌కీపర్. ఇరవై ఏళ్లకు పైగా మనసులో పెట్టుకున్న ఒక సంగతి ఆయన గురించి ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. అందులో నా తప్పూ ఉంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అందరూ హడావిడి పడుతున్న రోజుల్లో, సైన్స్ పార్క్‌లోని ఒక కంపెనీలో ఉద్యోగానికి గుంటూరు నుంచి ఈ దేశానికి వచ్చాను. మా మేనేజర్ ఇక్కడి చైనీయుడే. అతనికి పాతకాలపు తుపాకులంటే ఇష్టం. మూతి వైపు నుంచి మందు పోసి, కడ్డీతో గుండు దింపి కాల్చే రకం. తన క్లబ్బు స్టోర్‌కీపర్ తెలుగువాడని, ఆ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని నాకు చెప్పింది అతనే.

అంకుల్ వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. అంకుల్ తెలుగులో ఆ యాస ఎంత ఉండేదో మలయ్ మాటలూ అంతే ఉండేవి. మొదటిరోజు ఆయన పని గురించి అడుగుతూ, బ్లాక్ పౌడర్‌కు తెలుగు చెప్పబోయి నేను "నల్లమందు" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. అది మనుషులు తిని పాడైపోయేదని, తాను కాసేది తుపాకిమందని, ఈ దేశంలో ఆ మొదటిది ఇంట్లో దొరికితే ఉరేనని చెప్పారు. ఆ తర్వాత ఆంటీ కూడా నన్ను ఆ మాటతో చాలాకాలం ఏడిపించారు.

శనివారాలు ఆయనకు సాయంగా క్లబ్బుకు వెళ్లేదాన్ని. నైలాన్ బట్టలకు నిప్పురవ్వ పుడుతుందని, నూలు చొక్కా వేసుకుంటే తప్ప మందు గదిలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద చిటికెడు మందు పోసి, వేలితో నలిపి చూపేవారు. నల్లమందు కాదు, నల్ల తుపాకిమందు అయితే వేలికి మసి అంటుతుంది, పలుకు చితుకుతుంది. మేనేజర్ తుపాకి గొట్టం చాలా సన్నం. గుండు బఠాణీ గింజంత ఉండేది. అలాంటి దానికి మోటుపలుకు మందు పోస్తే సరిగ్గా కాలక మసి పేరుకుంటుంది, నాలుగో గుండుకే కడ్డీ దిగనంటుంది. మరీ పిండిలాంటిది పోస్తే ఒక్కసారిగా మండి గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. బొంబాయి రవ్వంత పలుకు కావాలి, అదీ తేమ తగలనిది. "గొట్టం ఏటి అడుగుతాదో అది పొయ్యాల, మనకి నచ్చింది కాదు" అనేవారు. నేను తొందరపడితే "పెలాన్, పెలాన్" అని నెమ్మదిగా చెయ్యమనేవారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. ఒక డబ్బాలోది ఒక్క పలుకైనా ఇంకో డబ్బాలో పొయ్యకూడదు.

ఒక శనివారం ఆయన గురి బోర్డులు సర్దడానికి వెళ్తూ తాళాలు నా చేతికిచ్చారు. ఇనప బీరువాలో ఈ కాలపు తూటాల్లో నింపే మందు విడిగా ఉండేది. దాని బలానికి పాత తుపాకి గొట్టం నిలవదు, పగిలిపోతుంది. ఆ డబ్బా మూత తుప్పు పట్టి ఊడొస్తోంది. పక్కన శుభ్రంగా ఒక ఖాళీ డబ్బా కనబడింది. అందులోకి వంచేశాను. చీటీ మారుద్దామని కలం వెతుకుతుండగా పేజర్ మోగింది. ఆఫీసులో టెస్టింగ్ ఆగిపోయింది, వెంటనే రమ్మన్నారు. గదికి తాళం వేసి, తాళాలు ఆయనకిచ్చి పరుగెత్తాను. బల్ల మీద వదిలేసిన ఆ డబ్బా మీద పాత చీటీయే ఉండిపోయింది. నల్ల తుపాకిమందు, సన్నపలుకు.

మర్నాడు పోటీ. నేను వెళ్లేసరికే మొదలైపోయింది. మేనేజర్ వంతు వచ్చింది. అతను వాడుతున్న డబ్బా ఖాళీ అయితే, అంకుల్ అవతలి వరసలో ఉండగా, పోటీ కోసం గది నుంచి తెచ్చిపెట్టిన పక్క డబ్బా మీద చీటీ చదివి తానే కొలత నింపుకున్నాడు. మందు పోసి గుండు దింపేశాడు. ఇక మందుకు నిప్పు రాజేసే చిన్న రాగి క్యాప్ పెట్టి మీట నొక్కడమే మిగిలింది. అంకుల్ డబ్బా మూత పెట్టడానికి వచ్చి, కాగితం మీద రాలిన నాలుగు పలుకుల్ని అలవాటుగా వేలితో నలిపారు. వేలు నల్లబడలేదు.

"క్యాప్ పెట్టకు" అన్నారు ఇంగ్లీషులో. అరవలేదు. మేనేజర్ క్యాప్ వేళ్ల మధ్య పట్టుకునే, తనకింకా ఐదు నిమిషాలే ఉన్నాయని విసుక్కున్నాడు. అంకుల్ అతని వైపు చూడకుండా, ఈ డబ్బా ఎవరు తెరిచారని అందర్నీ అడిగారు.

గొట్టంలో ఏముందో తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ పొడిగింపు కాగితం మేనేజర్ బల్ల మీద సంతకానికి ఉంది. మేనేజర్ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత, అక్కడ ఇంకెవరికీ అర్థం కాని భాషలో చెప్పాను.

"నేనే అంకుల్. నిన్న బీరువాలోది ఇందులో పోశాను. చీటీ మార్చలేదు."

"తూటాల మందా? అంతా అదేనా, రెండూ కలిపినావేటి?"

"అంతా అదే."

ఆయన తలూపారు. మిగతావాళ్ల వైపు తిరిగి, డబ్బాలో తూటాల మందు పడిందని, స్టోరు తనది కాబట్టి తప్పూ తనదేనని ఇంగ్లీషులో చెప్పి, అందర్నీ గోడ అవతలికి పొమ్మన్నారు. మేనేజర్ చేతిలోంచి క్యాప్ తీసుకుని జేబులో వేసుకున్నారు. గుండు బయటికి లాగకపోతే ఆ తుపాకి అలాగే ప్రమాదంగా ఉంటుంది. నల్లది నీళ్లు తగిలితే చచ్చిపోతుంది. ఈ తూటాల మందు తడిసినా నమ్మడానికి లేదు. అందుకే ఒక్కరే లోపల ఉంటానన్నారు.

గోడ అవతల మేం ఏడెనిమిది మందిమి నిలబడ్డాం. నూనె డబ్బా చప్పుడు, కడ్డీ చివరి మర గుండులోకి దిగుతూ కీచుమన్న చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. మళ్లీ కీచు. మేనేజర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. చివరికి అంకుల్ బయటికొచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తుపాకి ఖాళీ అని మాత్రం చెప్పి, కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నారు.

ఆ సాయంత్రమే క్లబ్బు కమిటీ ఆయన దగ్గర తాళాలు తీసేసుకుంది. ఇద్దరం ఇంటికొచ్చాం. అన్నం తిన్నాక, ఆంటీ లోపలికి వెళ్లాక అంకుల్ అన్నారు.

"మందు తప్పుగా పోసినందుకు కోపం లేదమ్మా. తాళం ఇచ్చింది నేనే. గాని నేను అడిగినాక నువ్వు నోరిప్పడానికి ఏడు ఊపిర్లు పట్టింది. లెక్కెట్టినాను. అతగాడి చేతిలో క్యాప్ ఉంది."

రేపు అందరికీ చెప్పెయ్యనా అని అడిగాను.

"అది నన్నడక్కు" అన్నారు.

నాలుగో రోజు జరిగినదంతా రాసి ఒక కాపీ కమిటీకి పంపాను, ఒకటి మేనేజర్ బల్ల మీద పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు. ఆ ముసలాయనకు మొదటి నుంచీ తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు గానీ, కొన్ని నెలలపాటు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. క్లబ్బు నన్ను ఏడాదిపాటు రావద్దంది. అంకుల్‌కు తాళాలు తిరిగి ఇచ్చింది. వాటిని పట్టుకుని మేనేజరే బిషాన్ వచ్చాడు. ఆంటీ పెట్టిన చేపల పులుసు చెమటలు కక్కుతూ తిన్నాడు. వెళ్లేటప్పుడు అంకుల్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మందు గదికి అంకుల్ ఇంకో తాళం కూడా వేయించారు. ఇద్దరు మనుషులుంటే తప్ప తెరుచుకోకుండా.

ఆ ఏడాదిలో ఆయన ఆ రోజు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. వానలో తడిసి వస్తే తువ్వాలు ఇచ్చేవారు. ఆదివారాలు వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు వెళ్తే నా వంతు రోటీ ముందే చెప్పి ఉంచేవారు. జాలి చూపించలేదు, దూరమూ పెట్టలేదు. నేను ఈ ఊళ్లో నిలబడటానికి అది ఎంత సాయపడిందో ఆయనతో చెప్పనే లేదు.

ఏడాది అయ్యాక మొదటి ఆదివారం క్లబ్బుకు వెళ్లాను. బల్ల మీద చీటీల్లేని మూడు గిన్నెలు పెట్టి, సన్నగొట్టం తుపాకికి ఏది కావాలో తీసుకోమన్నారు అంకుల్. ఒక్కొక్కటీ కాగితం మీద పోసి, నలిపి, వెలుగులో చూసి, మధ్య గిన్నె తీసుకున్నాను. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మేనేజర్ తన తుపాకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనే మందు కొలిచి పోశాను, నేనే గుండు దింపాను. క్యాప్ పెట్టాను. అంకుల్ నా పక్కనే, మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు. ఒక్క అడుగైనా వెనక్కి వెయ్యలేదు.

మీట నొక్కాను. గాలి లేని రోజు అది. తెల్లటి పొగ దట్టంగా లేచి మా ఇద్దరి మధ్య అలాగే నిలిచిపోయింది. ముందు ఆయన చెప్పులు కనబడ్డాయి, తర్వాత చొక్కా గుండీలు, చివరికి మొహం. అందరూ గురి బోర్డు వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం నా చేతుల వైపు చూస్తున్నారు.