టేపు మాస్టారి రెడీమేడ్ ప్యాంటు

మా వీధి మలుపులో, రెండంతస్తుల మేడ మెట్ల కింద, ఒక మనిషీ ఒక కుట్టు మిషనూ మాత్రమే పట్టే కొట్టు ఒకటుంది. కొలతలివ్వాలంటే మనం గుమ్మం బయటే నిలబడాలి. కొట్టు ఆయన మెళ్లో ఎప్పుడూ పసుప్పచ్చ టేపు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఆయన్ని టేపు మాస్టారంటారు. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తియ్యడని వాళ్లావిడ అంటుంది గానీ, అది కాస్త కలిపి చెప్పడమే అనుకుంటాను.

ఇరవయ్యారేళ్లుగా ఆయన కుట్టేది ప్యాంట్లే. చొక్కా తీసుకెళ్తే ముట్టుకోడు. "పై అంతస్తు వేరేవాళ్లు చూసుకుంటారు, నాది నడుం కింద వ్యవహారం" అంటాడు. ఇంట్లో వాళ్లావిడ కాజాలు కుట్టి గుండీలు వేసిపెడుతుంది. వీధిలో ఎవరి నడుం ఏ ఏడు ఎంత పెరిగిందో మాస్టారికి కంఠతా వచ్చు. తన నడుం మాత్రం పెళ్లినాడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందని ఆయన నమ్మకం. ముప్పయ్యారు. మరి ప్యాంట్లు బిగుసుకుపోతున్నాయేమంటే, "గుడ్డ ముడుచుకుపోయింది, ఈమధ్య నేత బాగుండట్లేదు" అని పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేసుకునేవాడు. అలా విప్పీ విప్పీ, వదలడానికి ఇక గుడ్డ మిగల్లేదు.

ఒకరోజు బ్యాంకు కాపలాదారుకి పొడవు కొలవడానికి మాస్టారు కిందికి వంగాడు. అంతే, ఆయన ప్యాంటు హుక్కు టప్పున ఊడి, ఎగిరి, గుమ్మం మీదున్న టీ గ్లాసుకి ఠంగుమని తగిలింది. కాపలాదారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు వీధంతా తిరిగి, సాయంత్రానికి మాస్టారి కంటే ముందు ఇల్లు చేరింది.

వాళ్లావిడ ఆ రాత్రే తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారు, ఈల మెళ్లో వేసుకునే పుట్టాడంటారు. మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉన్నాడు.

"బావా, లే. పార్కుకి పోదాం."

"నాకు పనుంది. రెండు ప్యాంట్లు ఇవ్వాలి."

"ఇస్తావులే. ముందు నీ ఒంటి మీద ప్యాంటు నిలబడాలి కదా!"

మెళ్లో టేపుకి ఎదురుగా మెళ్లో ఈల. ఈలే గెలిచింది.

పార్కులో మొదటిరోజు మాస్టారు ముచ్చటగా వంద అడుగులు వేశాడో లేదో, ముందు నడుస్తున్న పెద్దమనిషి ప్యాంటు మీద ఆయన కన్ను పడింది. గబగబా వెళ్లి భుజం తట్టాడు. "బాబూ, మీ వెనక కుట్టు రెండు వేళ్లంత విడిపోయింది. ఇవాళో రేపో తెగుతుంది. ఎవరు కుట్టారండీ ఇది?" ఆ పెద్దమనిషి ముందు కంగారుపడి, తర్వాత దండం పెట్టి, కొట్టు ఎక్కడని అడిగాడు. వారం తిరిగేసరికి మాస్టారికి పార్కులో ఐదుగురు కొత్త ఖాతాదారులు దొరికారు. నడక మాత్రం ఆ వంద అడుగులు దాటలేదు.

"నువ్వు వ్యాయామానికొచ్చావా, వ్యాపారానికొచ్చావా?" అని బావమరిది ఈల వేశాడు. "అసలు ఈ ఇస్త్రీ మడత ప్యాంటుతో నడిస్తే ఇంతే. సాగే ప్యాంటు కొనుక్కో."

"కొనడమేంటి? నేనే కుట్టుకుంటా."

"ఆ గుడ్డ నీ మిషన్ మీద నడవదు బావా."

నిజమే, నడవదు. అలా ఇరవయ్యారేళ్ల తర్వాత టేపు మాస్టారు, భార్య వెంట, జీవితంలో మొదటిసారి రెడీమేడ్ బట్టల షాపు మెట్లెక్కాడు. ఎక్కేటప్పుడు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని.

లోపల ఆయన ప్యాంట్లు చూసే పద్ధతి వేరు. ఒక్కోటీ తీసి, లోపలిది బయటికి తిప్పి, కుట్టు లాగి, పెదవి విరిచి పక్కన పడేస్తున్నాడు. కాసేపట్లో బల్ల మీద ప్యాంట్లన్నీ తిరగబడి ఉన్నాయి. అమ్మే అమ్మాయి భయపడి షాపు మేనేజర్ని పిలుచుకొచ్చింది.

"సార్, దేనికోసం వెతుకుతున్నారు?"

"నిజాయితీ కోసం," అన్నాడు మాస్టారు. "ఈ కుట్టు చూడు. చేత్తో లాగితే పళ్లు బయటపెడుతోంది."

వాళ్లావిడ మధ్యలోకొచ్చి, "నల్లది ఒకటివ్వమ్మా, పోతాం," అంది.

ఆ అమ్మాయి మాస్టారిని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, "నలభై సరిపోతుంది సార్," అంది.

మాస్టారి ముఖం మాడిపోయింది. టేపు పెట్టకుండా, ముట్టుకోకుండా, అంత దూరం నుంచి ఒక చిన్నపిల్ల తన నడుం కొలిచేసింది! "ముప్పయ్యారు ఇవ్వమ్మా," అన్నాడు గట్టిగా.

"ఏవండీ, పోనీ ముప్పయ్యెనిమిదైనా..."

"కొలతల సంగతి నాకు చెప్తావా?"

గదిలోకెళ్లి ఊపిరి బిగబట్టి ఎక్కించాడు. ఎక్కింది. సాగే గుడ్డ కదా, అది ఎవర్నీ కాదనదు. బయటికొచ్చి, మాట్లాడితే ఊపిరి వదలాల్సొస్తుందని, సరే అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆదివారం వాళ్లావిడ మ్యాట్నీకి పోదామంది. ఇద్దరూ కలిసి సినిమా చూసి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. మాస్టారు కొత్త ప్యాంటే వేసుకున్నాడు. హాలు నిండుగా ఉంది, వరస మధ్యలో సీట్లు దొరికాయి. సినిమా మొదలై అరగంటయ్యేసరికి అంతా ముక్కులు చీదుతున్నారు. తెర మీద తల్లి మంచంలో ఉంది, కొడుకు తలుపు దగ్గర ఆగిపోయాడు. సంగీతం కూడా ఆగింది. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడే వాళ్లావిడ చేతిలోని పాప్‌కార్న్ పొట్లం జారింది. మాస్టారు వంగాడు.

పర్ర్ర్ర్ర్.

ముందు వరస వెనక్కి తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కు నాలుగు వరసలు పాకింది. మంచంలో ఉన్న ఆ తల్లి ప్రాణం పోతుంటే హాలు సగం నవ్వుతోంది.

మాస్టారు కుర్చీకి అతుక్కుపోయాడు. విశ్రాంతిలో దీపాలు వెలిగాయి. "టీ తాగుదాం రండి," అంది ఆవిడ.

"నాకొద్దు."

"పోనీ కాళ్లు సాగదీద్దాం."

"కదిలానంటే అన్నీ సాగుతాయి," అన్నాడు పళ్ల మధ్య నుంచి. ఆవిడకి అప్పటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రుమాలు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేసుకుంటూ నవ్వింది. "మీరు కుట్టిన ప్యాంటు ఒక్కటైనా ఇలా చిరిగిందా?" అని ఆయన చెవిలో అంది. ఆ మాటకి మాస్టారికి కొంత ప్రాణం లేచొచ్చింది.

సినిమా అయిపోయింది. జనమంతా వెళ్లారు. వీళ్లిద్దరే మిగిలారు. టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించే ఆయన దగ్గరికొచ్చాడు.

"బయల్దేరండి సార్, తర్వాత ఆటకి జనం గేటు దగ్గరున్నారు."

మాస్టారు నేలచూపులు చూశాడు. వాళ్లావిడే చేతిసంచిలోంచి సూదీ దారం తీసింది. గుండీలు కుట్టే ఆవిడ కదా, సంచిలో అవి లేకుండా గుమ్మం దాటదు. "అన్నయ్యా, కాస్త లైటు ఇటు వెయ్యి. రెండు నిమిషాల పని," అంది.

ఆయనకి విషయం తెలిసిపోయింది. నవ్వలేదు. తలుపు గడియ పెట్టొచ్చి, టార్చి వేసి, తను మాత్రం మర్యాదగా తెర వైపు తిరిగి నిలబడ్డాడు. మాస్టారు ముందు సీటు పట్టుకుని వంగాడు. నల్ల ప్యాంటు మీద తెల్ల దారంతో ఆవిడ కుట్టు మొదలుపెట్టింది.

"టాకా దగ్గరదగ్గరగా వెయ్. మొదట ముడి—"

"నోరు మూసుకుని నిలబడండి. గుచ్చుకుంటుంది."

బయట జనం తలుపు బాదుతున్నారు. టార్చి ఆయన, "శుభ్రం చేస్తున్నాం!" అని లోపల్నుంచి అరిచాడు.

ఇల్లు చేరేదాకా ఆ కుట్టు ఊడలేదు. మర్నాడు పొద్దున్నే మాస్టారు టేపు తీసి భార్య చేతికిచ్చాడు. "చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు." ఆవిడ చుట్టి చూసి, "నలభయ్యొకటి," అంది. ఆయన మొట్టమొదటిసారి కొలతల పుస్తకంలో తన పేజీ తెరిచి రాసుకున్నాడు. తర్వాత కొత్త గుడ్డ కత్తిరించి, నలభయ్యొకటికి ఒక ప్యాంటు కుట్టుకున్నాడు. హాయిగా ఊపిరి పీల్చుకోవడం ఎలా ఉంటుందో మర్చిపోయానన్నాడు.

ఒకటే చిక్కు మిగిలింది. ఆ సినిమా రెండో సగం కళ్ల ముందే నడిచినా ఆయన బుర్రకి ఒక్క ముక్క ఎక్కలేదు. అందుకని తర్వాతి ఆదివారం ఇద్దరూ మళ్లీ అదే సినిమాకి వెళ్లారు. ఈసారి అందరికంటే ఎక్కువ ఏడ్చింది మాస్టారే. బయటికొచ్చాక వాదన మొదలైంది.

"ఆ తల్లి చిన్నకొడుకుని క్షమించకుండా ఉండాల్సింది," అన్నాడు.

"తల్లి కదండీ, ఎలా ఉంటుంది?"

"తల్లయితే? వాడు చేసింది తక్కువా?"

"మరి మీ బావమరిదిని మీరు క్షమించట్లేదా రోజూ?"

అలా మాటా మాటా అనుకుంటూ మా వీధి మలుపు దాటి, కూరగాయల అంగడి దాటి, ఊరి చివర నీళ్ల ట్యాంకు దాకా నడిచిపోయారు, పార్కులో వంద అడుగులు దాటని మాస్టారూ, ఆవిడా. అక్కడ ఎదురొచ్చిన వాళ్లని నేనే చూశాను. "ఎటు మాస్టారూ?" అని అడిగితే, ఇద్దరూ ఆగి, చుట్టూ చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.